కూర్చున్నందుకు సంజాయిషీ

వృద్ధాశ్రమం అనే మాట మా దగ్గర వాడకూడదు. వాడితే మార్కులు పోతాయి. పూర్వం ముసలివాళ్ళు ఉండే చోటుని అలాగే అనేవారు. అక్కడ వాళ్ళు ముసలివాళ్ళలాగే ఉండేవారు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. తరవాత అది సీనియర్ సిటిజన్ హోమ్ అయింది, కిటికీలకి దోమల జాలీలు వచ్చాయి. ఆ పైన రిటైర్మెంట్ విల్లాలయింది, ఈతకొలను వచ్చింది. ఇప్పుడు 'చురుకైన విశ్రాంత జీవన సముదాయం' అంటున్నారు. చురుకు ఎక్కడ పెట్టాలో చోటు చాలక, విశ్రాంతిని తీసేశారు.

విశాఖపట్నం నుంచి సబ్బవరం వెళ్ళే దారిలో కొండని ఆనుకుని ఉన్న మా సముదాయం పేరు 'నవయౌవనం'. నూటపది ఇళ్ళు. చేరడానికి కనీస వయసు యాభై అయిదు. నా పేరు పిన్నింటి సింహాచలం. డెబ్భై మూడేళ్ళు. జిల్లా పరిషత్ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ముప్ఫై ఆరేళ్ళు కిందివాళ్ళకి మెమోలు ఇచ్చిన చెయ్యి ఇది. రూలు అనేది కనబడితే నమస్కారం పెట్టడం నాకు అలవాటు.

ఇక్కడికి రావాలని పట్టుబట్టింది మా ఆవిడ నూకరత్నం. పెళ్ళయి మా ఇంటికొచ్చిన మర్నాడు ఆవిడ తెల్లవారుజామున నాలుగున్నరకి లేచింది. ఆ తరవాత నలభై ఆరేళ్ళు కూర్చోలేదు. మా అమ్మ, నా ముగ్గురు చెల్లెళ్ళు, వాళ్ళ పురుళ్ళు, మా పిల్లలిద్దరు, నా ఆఫీసు క్యారేజీ. అన్నం కూడా వంటింటి గట్టు దగ్గర నిలబడే తినేది, మధ్యలో ఎవరేం అడుగుతారో అని. నవయౌవనం వాళ్ళ కరపత్రంలో తెల్లజుట్టు ఆవిడ ఒకరు బాల్కనీలో కుర్చీలో కూర్చుని కొండకేసి చూస్తున్న ఫోటో ఉంది. నూకరత్నం దాని మీద వేలు పెట్టి, "నాకిది కావాలండీ" అంది.

ఆవిడ నన్నొకటి అడగడం అదే మొదలు. చీరలు కూడా నాకు నచ్చినవి నేనే తెచ్చి పడేసేవాణ్ణి. వెంటనే సంతకం పెట్టాను.

మొదటి నెలంతా ఆవిడ కూర్చుంది. పొద్దున్న కాఫీ తాగి కూర్చునేది. టిఫినయ్యాక కూర్చునేది. చేతిలో పుస్తకం లేదు, జపమాల లేదు, ఫోను లేదు. "ఏటి చూస్తున్నావు?" అంటే, "కొండండీ" అనేది. "ఏటి ఆలోచిస్తున్నావు?" అంటే, "ఏటీ లేదండీ" అని, ఆ మాటని నోట్లో పటికబెల్లం ముక్కలా కాసేపు ఉంచుకునేది.

రెండో నెలలో ఉత్సాహాధికారి వచ్చాడు.

అతని పేరు ప్రణీత్ వర్ధన్. ముప్ఫై నాలుగేళ్ళు. యాజమాన్యం అతన్ని ఉత్సాహాధికారిగా నియమించింది. అంటే మా ఉత్సాహానికి అతను బాధ్యుడు. హాల్లో అందర్నీ సమావేశపరిచి, మైకు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడాడు.

"గౌరవనీయ నవయువకులారా! వయసు అనేది ఒక దురలవాటు. దాన్ని మనం సామూహికంగా మానుకోబోతున్నాం. ఈ క్షణం నుంచి మన సముదాయంలో కుర్చీని ఒక ప్రమాదకర వస్తువుగా పరిగణించడమైనది."

మేం కూర్చునే విన్నాం. తరవాత హాల్లో కుర్చీలు తీసేశారు.

అందరి చేతికీ తలో పట్టీ కట్టారు. వాచీలా ఉంటుంది కానీ టైము చెప్పదు, మార్కులు చెబుతుంది. నడకకి ఇన్ని, జుంబాకి ఇన్ని, కుండల మీద రంగులెయ్యడానికి ఇన్ని, నవ్వుల క్లబ్బులో నవ్వితే ఇన్ని. ఇరవై నిమిషాలు కదలకపోతే పట్టీ కీచుమంటుంది. నెలకి అరవై మార్కులు రావాలి. వరసగా మూడు నెలలు రాకపోతే ఆ సభ్యుల్ని వెనకవైపున్న 'నిశ్చల విభాగం'కి మారుస్తారు. అక్కడ మంచాలకి కమ్మీలుంటాయి, నర్సులుంటారు, టీవీలో రోజంతా నదులు ప్రవహిస్తుంటాయి. కొండ కనపడదు. భార్యాభర్తల్లో ఒకరే నిశ్చలమైతే ఆ ఒకరినే తీసుకెళ్తారు. రెండోవారు మంగళ, శుక్రవారాల్లో అరగంట చూసి రావచ్చు. చూసి వచ్చినందుకు రెండు మార్కులు.

"మరీ మొగుడూ పెళ్ళాల్ని విడదీయడమేటండీ?" అని వెనకనించి ఎవరో అడిగారు.

"నిశ్చలత అంటుకుంటుంది సార్," అన్నాడు ప్రణీత్ వర్ధన్ బాధగా. "మీ క్షేమం దృష్ట్యానే."

నెలాఖరుకి నాకు తొంభై ఒకటి వచ్చాయి. నూకరత్నానికి పదకొండు. ఆ పదకొండూ భోజనాల హాలుకి వెళ్ళి వచ్చినందుకు వచ్చినవే. పట్టీ కీచుమన్నప్పుడల్లా ఆవిడ దాన్ని కొంగుతో కప్పి, ఏడ్చే పిల్లని జోకొట్టినట్టు రెండు తట్లు తట్టి ఊరుకునేది.

మర్నాడు మెమో వచ్చింది. దాన్ని చూసి, భర్తగా భయపడ్డాను కానీ సూపరింటెండెంటుగా మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. 'శ్రీమతి పి. నూకరత్నం, ఇంటి నెంబరు నలభై రెండు, గత మాసంలో మొత్తం రెండు వందల పద్ధెనిమిది గంటలు కూర్చున్నట్లు ఈ కార్యాలయం దృష్టికి వచ్చినది. సదరు కూర్చొనుటకు గల కారణములను ఏడు దినములలోగా లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. లేనియెడల చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించబడును.'

"చెప్పుకోడానికి నిజంగానే ఏటీ లేదండీ," అంది నూకరత్నం.

అయినా ఇద్దరం ఉత్సాహాధికారి గదికి వెళ్ళాం. అతను నిలబడే పని చేస్తాడు. మమ్మల్ని కూడా నిలబడమని మర్యాద చేశాడు.

"అమ్మా, మీరు కూర్చున్నప్పుడు కచ్చితంగా ఏ కార్యక్రమం నిర్వహిస్తున్నారు?"

"ఏటీ లేదు బాబూ."

"ధ్యానం అని రాసుకోమంటారా? ధ్యానానికి నాలుగు మార్కులున్నాయి."

"ధ్యానం కాదు. ఊరికే కూర్చున్నాను."

"పోనీ పక్షుల పరిశీలన?"

"పిట్టలొస్తే చూస్తాను. రాకపోతే లేదు."

ప్రణీత్ వర్ధన్ తన కంప్యూటరులో చాలాసేపు వెతికాడు. "ఊరికే అనే వర్గం మా దగ్గర లేదమ్మా," అన్నాడు. "మీకెందుకంత కూర్చోవాలనిపిస్తోంది?"

"నలభై ఆరేళ్ళ బాకీ బాబూ," అంది ఆవిడ.

అతను దాన్ని 'కీళ్ళనొప్పులు' అని రాసుకున్నాడు.

మరుసటి నెల ఆవిడకి తొమ్మిది మార్కులు వచ్చాయి. ఇంకొక్క నెల అలాగే పోతే ఆవిణ్ణి కమ్మీల మంచం మీదకి తీసుకెళ్తారు. నేను ఇంటి నెంబరు నలభై రెండులో ఒక్కణ్ణే ఉంటాను. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. నూకరత్నం మాత్రం, "పోనీ లేచి నాలుగడుగులు వెయ్యనా ఏటండీ, మీకోసం?" అంది. ఆవిడ 'మీకోసం' అన్న ఆ మాట విన్నాక ఆవిణ్ణి లేవమనడానికి నాకు నోరు రాలేదు.

ఆవిడ చేతికున్న పట్టీ విప్పి నా రెండో చేతికి కట్టుకున్నాను. జీవితంలో నేను చేసిన మొట్టమొదటి రూలు ఉల్లంఘన అది. చొక్కా చేతులు కిందికి దించి బొత్తాలు పెట్టుకున్నాను.

అప్పటినించి నేను నడిస్తే ఇద్దరం నడిచినట్టు. నేను గెంతితే ఇద్దరం గెంతినట్టు. రెండు పట్టీల్లోనూ ఒకే లెక్క వస్తే ఎవరికైనా అనుమానం వస్తుందేమోనని ఆవిడ కోటాగా పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి ఆవిడ పట్టీ ఒక్కటే కట్టుకుని విడిగా కూడా నడిచేవాణ్ణి. భయం మనిషిని బాగా నడిపిస్తుంది. ఆ నెల నాకు నూటముప్ఫై, నూకరత్నానికి నూట అరవై ఎనిమిది వచ్చాయి. ఆవిణ్ణి 'ఈ మాసపు మహాచురుకు మహిళ'గా ప్రకటించి, ఫోటో హాల్లో తగిలించారు. ఫోటోలో ఆవిడ కూర్చునే ఉంది. ఎవరూ గమనించలేదు.

గమనించకపోవడానికి కారణం తరవాత తెలిసింది. పక్కింటి గొర్లె తవుడుగారు రిటైర్డు ఇంజనీరు. ఒకరోజు నడకలో నా చొక్కా చెయ్యి పట్టుకుని పైకి లాగి, రెండు పట్టీలూ చూసి, నిట్టూర్చారు.

"ఏటండీ సింహాచలంగారూ, ఇంకా చేత్తోనే చేస్తున్నారేటి? నాది వాషింగ్ మెషీన్లో ఉంది."

సుభాషిణి టీచరుగారిది సీలింగు ఫ్యాను రెక్కకి ఉంది. ఆవిడ జుంబాలో జిల్లాకే మొదటి స్థానంలో ఉంది. ఎ బ్లాకులో పదకొండుమంది కలిసి తమ పట్టీలు పదకొండూ ప్రహరీ దగ్గర తిరిగే టైగర్ అనే కుక్క మెడకి కట్టేశారు. ఆ పదకొండుమందీ రోజూ ఒకే వేళకి, ఒకే దారిలో, ఒకే వేగంతో తిరుగుతూ, మధ్యాహ్నం వంటశాల వెనకాల ఆగి, పోస్టుమాన్ వచ్చినప్పుడు ఒక్కసారిగా గేటుదాకా పరిగెత్తడం చూసి, 'ఆదర్శ బృంద స్ఫూర్తి' అని ప్రణీత్ వర్ధన్ వాళ్ళకి ఒక షీల్డు ఇచ్చాడు.

ఇలా, పట్టీలు కట్టి నాలుగు నెలలు గడిచాయి. నూకరత్నం కూర్చుంది. మేమందరం వృద్ధి చెందాం.

అయిదో నెలలో యాజమాన్యం, సముదాయం సాధించిన ప్రగతిని లెక్క కట్టించింది. మార్కుల్ని బట్టి ఒక్కొక్కరి 'నిజ వయసు' తేల్చారు. తవుడుగారికి ముప్ఫై ఒకటి. సుభాషిణి టీచరుకి ఇరవై ఎనిమిది. టైగర్ మీద ఆధారపడ్డ పదకొండుమందికీ తలా ఇరవై నాలుగు. నాకు ముప్ఫై. నూకరత్నానికి ఇరవై ఆరు. స్వీట్లు పంచారు.

వారం తిరక్కుండా నోటీసులు వచ్చాయి. 'సముదాయ నిబంధనల ప్రకారం నివాసమునకు కనీస వయసు యాభై అయిదు సంవత్సరములు. మీ నిజ వయసు అంతకు తక్కువగా నిర్ధారణ అయినందున, మీరు వృద్ధుల కోసం ఉద్దేశించిన వసతిని అక్రమముగా అనుభవించుచున్నట్లు భావించడమైనది. ముప్ఫై దినములలోగా ఖాళీ చేయవలెను.'

విచారణ హాల్లో జరిగింది. ముగ్గురు సభ్యుల కమిటీ నిలబడి విచారించింది. తవుడుగారు ఆధార్ కార్డు, టెన్తు సర్టిఫికెట్, మోకాలి ఆపరేషను కాగితాలు తీసుకెళ్ళారు.

"ఇవన్నీ మీరు ఎప్పుడు పుట్టారో చెబుతున్నాయి సార్," అన్నాడు ప్రణీత్ వర్ధన్ ఓర్పుగా. "పుట్టడం మా పరిధిలోకి రాదు. మేం పనితీరుని మాత్రమే గుర్తిస్తాం."

"నాకు డెబ్భై ఎనిమిది బాబూ! పళ్ళు చూడు!" అని తవుడుగారు కట్టుడుపళ్ళ సెట్టు తీసి బల్ల మీద పెట్టారు.

కమిటీ దాన్ని అనుబంధంగా చేర్చుకుంది.

మా వంతు వచ్చింది. నూకరత్నం నా పక్కన నిలబడింది. ఆర్నెల్ల తరవాత అంతసేపు నిలబడడం కదా, ఆవిడ కాళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకు చూసి నాకు ఒళ్ళు మండింది. ఆవిడ కొండ ఆవిడకి పోతోంది, అదీ నా చలవ వల్ల. చొక్కా చేతులు రెండూ పైకి మడిచాను.

"ఆ ఇరవై ఆరేళ్ళూ ఆవిడవి కావు, నావి," అన్నాను. "ఆవిడ అసలు కదల్లేదు. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు, అరవై ఎనిమిదేళ్ళ మనిషిలాగే ఉంది. ఈ మొత్తం సముదాయంలో మీ కనీస వయసు రూలుకి సరిపోయిన మనిషి ఆవిడొక్కతే. తప్పు నాది. శిక్ష నాకు వెయ్యండి."

కుక్క వాళ్ళు పదకొండుమందీ నేలకేసి చూశారు.

కమిటీ లోపలికి వెళ్ళి గంటన్నర చర్చించి వచ్చింది. ప్రణీత్ వర్ధన్ చదివాడు.

"శ్రీ సింహాచలంగారి నిజాయితీని కమిటీ అభినందిస్తున్నది. శ్రీమతి నూకరత్నంగారి పేరిట నమోదైన మార్కులన్నీ రద్దు చేయడమైనది. తత్ఫలితంగా వారి చురుకుదనం గత నూట యాభై దినములుగా సున్నా. నిబంధన పందొమ్మిది ప్రకారం, వరసగా తొంభై దినములు సున్నా నమోదైన సభ్యులు దివంగతులైనట్లు పరిగణించబడుదురు." అతను కాగితం దించి, గొంతు తగ్గించాడు. "మా ప్రగాఢ సానుభూతి సార్."

"ఎదురుగా నిలబడి ఉంది కదయ్యా!" అన్నాను.

"వ్యక్తిగతంగా నాకు కనిపిస్తున్నారు సార్. నేను కాదనను. కానీ రికార్డుకి కనిపించడం లేదు."

"మాట్లాడుతోంది!"

"మాటకి మార్కుల్లేవు సార్."

ఈ పాటి దానికి నేను నోరు మూసుకుంటాననుకోకండి. అప్పీలు చేస్తానని అన్నాను. అప్పుడతను ఇంకో కాగితం తీశాడు. ఖాళీ చేయాల్సినవారిలో ఎవరికైనా జీవిత భాగస్వామి మరణించి ఉంటే, కారుణ్య నిబంధన కింద వారు అదే ఇంట్లో కొనసాగవచ్చు. పరలోకగతులకి ఎలాంటి కార్యక్రమాలూ, మెమోలూ, బదిలీలూ వర్తించవు. ఆవిడ మరణాన్ని నేను ప్రశ్నిస్తే ఇద్దరం బయటికి పోవాలి. ఒప్పుకుంటే ఇద్దరం ఇక్కడే ఉండొచ్చు.

నేను నూకరత్నం మొహం చూశాను.

"సంతకం పెట్టెయ్యండీ," అంది ఆవిడ. "కాళ్ళు లాగేస్తున్నాయి."

పెట్టాను.

సంతాప సభ ఆదివారం జరిగింది. నూకరత్నం కూడా వచ్చింది, ముందు వరసలో. ఆవిడకి మాత్రం కుర్చీ వేశారు, చనిపోయినవారి విషయంలో కుర్చీ ప్రమాదకరం కాదు కాబట్టి. ప్రణీత్ వర్ధన్, ఆవిడ లేని లోటు తీర్చలేనిదని, మహాచురుకు మహిళగా ఆవిడ మనందరి గుండెల్లో పరిగెడుతూనే ఉంటుందని చెప్పాడు. సుభాషిణి టీచరు నిజంగానే కళ్ళు తుడుచుకుంది. ఎందుకమ్మా అంటే, "అదృష్టవంతురాలండీ," అంది. రెండు నిమిషాలు అందరం నిలబడి మౌనం పాటించాం. ఆవిడ కూర్చునే ఉంది. తరవాత గారెలు పెట్టారు, ఆవిడ మూడు తింది.

మిగతావాళ్ళ వ్యవహారం అప్పీలులో ఉంది. టైగర్‌కి కూడా నోటీసు అంటించారని విన్నాను.

నా పరిస్థితి ఇలా ఉంది. భార్యను కోల్పోయిన పురుషుణ్ణి కాబట్టి నాకు రోజూ ఆరింటికి దుఃఖ విమోచన వ్యాయామం, పదింటికి ఒంటరితనంపై సామూహిక చర్చ, సాయంత్రం కొత్త స్నేహాల క్లబ్బు. భోజనాల హాల్లో మాకు ఇప్పుడు ఒకటే ప్లేటు. నేను గదికి తెచ్చుకుంటాను, ఇద్దరం పంచుకుంటాం. నన్ను కూడా దివంగతుడిగా గుర్తించమని దరఖాస్తు పెట్టుకున్నాను. అది ఇవ్వడానికి ఆఫీసు దాకా నడిచినందుకు నాలుగు మార్కులు వచ్చాయి. దాంతో దరఖాస్తు తిరస్కరించారు.

నిన్న ఒంటరితనం చర్చ ముగించుకుని గదికి వచ్చేసరికి నూకరత్నం బాల్కనీలో ఉంది. తలుపు ఎవరూ తట్టలేదు, చేతికి కీచుమనేది ఏదీ లేదు. నా అడుగుల చప్పుడు విని, ఇటు తిరక్కుండానే చెప్పింది.

"పొద్దున్నించీ నన్నెవరూ పిలవలేదండీ. పెళ్ళయిన తరవాత ఇలాంటి రోజు ఇదే మొదలు."

ఆ మాట ఆవిడ ఫిర్యాదుగా చెప్పలేదు. సంతోషంగా చెప్పింది. అందుకే నాకు ఎక్కువ తగిలింది. నలభై ఆరేళ్ళు ఆవిణ్ణి పిలిచినవాళ్ళలో మా అమ్మ ఉంది, చెల్లెళ్ళున్నారు, పిల్లలున్నారు. అందర్నీ కలిపినా నా పిలుపులే ఎక్కువ. తువ్వాలు, బనీను, మంచినీళ్ళు, పెన్ను మూత. ఆవిడ కూర్చోబోయిన ప్రతిసారీ కీచుమన్న పట్టీని నేనే. ప్రణీత్ వర్ధన్ అనేవాడు వచ్చి ఆర్నెల్లు కూడా కాలేదు పాపం.

పేపరు చూద్దామని బల్ల మీద వెతికితే కళ్ళజోడు కనపడలేదు. "రత్నం" అనడానికి నోరు తెరిచాను. ఆవిడ కొండకేసి చూస్తోంది. నోరు మూసుకున్నాను.

మంచం కింద, బీరువా మీద, బాత్రూములో, నాలుగు జేబుల్లో, ఫ్రిజ్‌లో వెతికాను. ముప్పావుగంట పట్టింది. ఆ వెతుకులాటకి నాకు పన్నెండు మార్కులు వచ్చాయి.